‘లేపిన’ బ్యాటరీకి మళ్లీ ఛార్జ్ పెట్టకండి

ప్రశ్న: మాది తిరుపతి కొర్లగుంట, అపార్ట్‌మెంటులో రెండో అంతస్తు. ఎలక్ట్రిక్ స్కూటర్ కొని రెండున్నరేళ్లయింది. బ్యాటరీ ఊడదీసి ఇంట్లో ఛార్జ్ పెట్టుకునే రకం. దాని మీద 60 వోల్టులు, 30 ఏహెచ్, ఎన్‌ఎంసీ అని రాసుంది. ఎండాకాలం సెలవులకు రెండు నెలలు పుంగనూరు దగ్గర మా అమ్మావాళ్ల ఊళ్లో ఉండిపోయాం. పోయేటప్పుడు 5 శాతమే ఉంది, బ్యాటరీని బండిలోనే వదిలేశాం. తిరిగొచ్చి ఛార్జర్ పెడితే లైటు కూడా వెలగలేదు. మా వీధి చివర మెకానిక్ బ్యాటరీ మూత విప్పి, లోపలి తీగలకు నేరుగా కరెంటిచ్చి ‘లేపాడు’. 600 తీసుకున్నాడు. కొన్నాళ్లు బాగానే నడిచింది. ఇప్పుడు రాత్రి 100 చూపించింది పొద్దున్నకు 88 చూపిస్తోంది, బండికి తగిలించకపోయినా. ఛార్జర్ తీసిన మూడు నాలుగు గంటలకు కూడా ఒక మూల వెచ్చగా ఉంటోంది. మొన్న అలిపిరి వైపు ఎక్కుతుంటే 40 శాతం ఉండగానే బండి ఆగిపోయింది. మెకానిక్ ‘ఒక వరస సెల్స్ వీకైనాయి, మార్చేస్తా, 3,500 ఇవ్వండి’ అంటున్నాడు. మా ఆయనేమో కొత్తది కొనేదాకా సగం వరకే ఛార్జ్ పెట్టి నడుపుదాం అంటారు. ఏం చెయ్యమంటారు? ఇంకోటి, మా అబ్బాయి పవర్ బ్యాంక్ కాస్త ఉబ్బింది. వాడుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: ముందు చెయ్యాల్సిన పని చెబుతాం, ఎందుకన్నది తర్వాత చదువుకోండి. ఈ బ్యాటరీకి ఇక ఛార్జ్ పెట్టొద్దు, సగం వరకు కూడా వద్దు. ఇప్పుడు అది ఇంట్లోనే ఉంటే చేత్తో ముట్టి చూడండి. చల్లగా ఉండి, వాసన, చప్పుడు ఏమీ లేకపోతే కిందికి దించి ఆరుబయట నీడపట్టున సిమెంటు నేల మీద పెట్టండి. పెట్రోలు బళ్లు, గ్యాస్ సిలిండర్లు, కరెంటు మీటర్లున్న చోటుకు దూరంగా ఉండాలి. మిద్దె మీద ఎండలో పెట్టకండి. అట్టపెట్టెలోనో, దుప్పటి చుట్టో పెట్టకండి. అన్నిటికన్నా ముఖ్యంగా మెట్ల కింద పెట్టకండి.

మెట్ల సంగతి ఎందుకంటే, చాలా అపార్ట్‌మెంట్లలో ఛార్జింగ్ పాయింటు అక్కడే ఉంటుంది. 2022 సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూము, పైన లాడ్జి ఉన్న భవనంలో మంటలు లేచి 8 మంది చనిపోయారు. మంటకన్నా ముందు పొగ మెట్లదారిన పైకెక్కింది. రెండో అంతస్తులో ఉన్నవాళ్లకు దిగే దారి ఒక్కటే అయినప్పుడు ఆ దారిలో బ్యాటరీ ఉండకూడదు.

ఇక జరిగిందేమిటో చూద్దాం. బండి ఆపేసినా బ్యాటరీ లోపల దాన్ని కాపలా కాసే బీఎంఎస్ (బ్యాటరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్) బోర్డు కాస్త కరెంటు తాగుతూనే ఉంటుంది. అది 5 మిల్లీ ఆంపియర్లే అనుకున్నా, 60 రోజుల్లో 1,440 గంటలు, అంటే 7.2 ఏహెచ్ (ఆంపియర్-అవర్లు, బ్యాటరీలో ఎంత పడుతుందో చెప్పే కొలత). మీరు వదిలి వెళ్లినప్పుడు మిగిలింది 30లో 5 శాతం, ఒకటిన్నర ఏహెచ్. బండిలోనే ఉంది కాబట్టి బండిలోని ఎలక్ట్రానిక్స్ తాగింది అదనం. బ్యాటరీ లోపల వరసలుగా పేర్చిన సెల్స్ ఉంటాయి, ఒక్కో సెల్ వోల్టేజి 3 దగ్గర ఆగాల్సింది అంతకంటే చాలా కిందికి జారిపోయింది. కొన్ని వరసలు 1 వోల్టు కిందికి పోయి ఉంటాయి.

అక్కడే చెడింది. సెల్‌ను కోసి చూస్తే లోపల రెండు రేకులు చాప చుట్టినట్టు చుట్టి ఉంటాయి. అల్యూమినియం రేకు మీద నికెల్, మాంగనీస్, కోబాల్ట్ కలిసిన నల్లటి పూత, మీ బ్యాటరీ మీద రాసున్న ఎన్‌ఎంసీ అంటే ఇదే, లిథియం బ్యాటరీల్లో ఒక రకం. రాగి రేకు మీద గ్రాఫైట్ పూత. ఒకదానికొకటి తగలకుండా మధ్యలో సెపరేటర్ అనే ప్లాస్టిక్ పొర. దాని మందం 15, 20 మైక్రాన్లు, మన తలవెంట్రుకలో నాలుగో వంతు. వోల్టేజి ఉండాల్సినంత ఉన్నంతకాలం రాగి రేకు జోలికి ఏదీ రాదు. 1 వోల్టు కిందికి దిగితే రాగి కొద్దికొద్దిగా కరిగి, సెల్ లోపల రేకులను తడిపి ఉంచే ఎలక్ట్రోలైట్ అనే ద్రవంలో కలుస్తుంది. అలా కలిసి ఉన్నంతవరకు దానివల్ల పెద్ద ముప్పు లేదు. ముప్పంతా మళ్లీ ఛార్జ్ పెట్టినప్పుడు. ఆ రాగి తిరిగి లోహంగా మారి పేరుకుంటుంది, కానీ పాత రేకు మీదికే చదునుగా పోయి అతుక్కోదు. ఎక్కడ పడితే అక్కడ, సెపరేటర్ రంధ్రాల్లో కూడా ముల్లులా మొలుస్తుంది. ఆ ముల్లు ఇవతలి నుంచి అవతలికి తగిలిందంటే సెల్ లోపలే షార్ట్. మొదట్లో అది సన్నటి కారుడు. రాత్రికి రాత్రి 12 శాతం పోతున్నది ఆ దారినే అని మా అనుమానం.

ఛార్జర్ లైటు వెలగకపోవడం చెడిపోవడం కాదు. వోల్టేజి మరీ పడిపోయిన సెల్స్‌కు ఛార్జ్ ఎక్కనివ్వకుండా బీఎంఎస్ కావాలనే తలుపు వేసుకుంటుంది. మెకానిక్ ఆ తలుపును తప్పించి గోడ దూకాడు. ఆయన్నే తప్పుపట్టలేం. కరకంబాడిలో లెడ్ యాసిడ్ బ్యాటరీలు తయారయ్యే ఊరు మనది, ఇన్వర్టర్ బ్యాటరీ పడుకుంటే నేరుగా ఛార్జ్ కొట్టి లేపడం ఇక్కడ ప్రతి షాపులో చూసిందే. లెడ్ యాసిడ్‌కు అలా చేస్తే మహా అయితే బ్యాటరీ పనికిరాకుండా పోతుంది. లిథియం సెల్ మాత్రం లేస్తుంది, నడుస్తుంది, కొన్ని వారాలు బాగానే ఉన్నట్టుంటుంది. ఆ తర్వాతే అసలు సంగతి బయటపడుతుంది.

ఈ కారుడును బీఎంఎస్ ఎందుకు ఆపలేదో కూడా తెలియాలి, లేకపోతే ‘సేఫ్టీ బోర్డు ఉంది కదా’ అన్న ధీమా పోదు. మీలాంటి ప్యాక్‌లో సాధారణంగా 16 వరసలు ఒకదాని తర్వాత ఒకటి సిరీస్‌లో ఉంటాయి. చిన్న గుండ్రటి సెల్స్ వాడితే ఒక్కో వరసలో 2.5 ఏహెచ్‌వి 12 పక్కపక్కన పారలల్‌లో ఉంటాయి. బీఎంఎస్ స్విచ్ ఉండేది ప్యాక్ మొత్తానికి వీధి గుమ్మం దగ్గర. ఛార్జర్‌నూ మోటారునూ అది తెంపగలదు. ఒక వరసలో ఒక సెల్ లోపల షార్టయితే, పక్కనున్న 11 సెల్స్ తమ కరెంటును దాంట్లోకే పోస్తాయి. ఆ దారిలో స్విచ్ లేదు. కొన్ని మంచి ప్యాక్‌లలో ప్రతి సెల్‌కూ విడిగా సన్నటి ఫ్యూజ్ తీగ ఉంటుంది, చాలావాటిలో నికెల్ పట్టీ వెల్డింగే.

మీటరు చూపించే శాతాన్ని నమ్మితే లెక్క ఇలా ఉంటుంది. రాత్రి నుంచి పొద్దుటికి 9 గంటలనుకుంటే, 12 శాతం అంటే 3.6 ఏహెచ్, సుమారు 0.4 ఆంపియర్లు. 4 వోల్టుల దగ్గర అది ఒకటిన్నర వాట్లకు కాస్త ఎక్కువ. చిన్న సంగతిగానే కనిపిస్తుంది. కానీ అదంతా 45 గ్రాముల సెల్‌లో ఒక్క చుక్కంత చోట పుడుతోంది. ఛార్జర్ తీసిన 4 గంటలకు కూడా ఆ మూల వెచ్చగా ఉండటానికి కారణం అదే కావాలి. అదే కారుడు ముదిరి దారి వెడల్పయితే, ఆ వరస మొత్తంలో ఉన్న 110 వాట్-అవర్లు ఒక్క సెల్‌లోకి దిగుతాయి. అది లీటరుంపావు చన్నీళ్లను మరిగించేంత వేడి.

ఆ వేడి ఒక మెట్టు మీద ఆగదు. 90 డిగ్రీల చుట్టుపక్కల గ్రాఫైట్ మీది రక్షణ పొర కరగడం మొదలై అదే సొంతంగా వేడి పుట్టిస్తుంది. 130 దగ్గర పాలిథిన్ సెపరేటర్ మెత్తబడి ముడుచుకుంటుంది, ముల్లంత ఉన్న షార్ట్ అరచేయంత అవుతుంది. 200 దాటితే ఎన్‌ఎంసీ పూత నుంచి ఆక్సిజన్ విడుదలవుతుంది. ఎలక్ట్రోలైటేమో మండే ద్రావకం. ఇంధనం, ఆక్సిజన్, నిప్పు మూడూ డబ్బా లోపలే దొరికాయి కాబట్టి మూతపెట్టి ఊపిరాడకుండా చేసి ఆర్పడం కుదరదు. ఒక సెల్ అంటుకుంటే పక్కది, దాని పక్కది.

అలిపిరి దగ్గర ఆగిపోవడం కూడా ఈ కథలోదే. కారే వరస మిగతావాటికంటే వెనకబడి ఉంటుంది. ఛార్జ్ చేసేటప్పుడు మిగతా 15 వరసలు ముందే 4.2 వోల్టులకు చేరితే బీఎంఎస్ ‘నిండింది’ అని ఆపేస్తుంది. నడిపేటప్పుడు ఈ వరస ముందే అడుగంటుతుంది, ఎత్తులో మోటారు ఎక్కువ లాగగానే దాని వోల్టేజి ఒక్కసారిగా పడి బీఎంఎస్ బండిని ఆపేస్తుంది. మీటరు మొత్తాన్ని చూసి 40 అంటుంది. పనిలో పనిగా ఒక మాట: ఘాట్ రోడ్డున తిరుమలకు పోవడం మామూలు ప్రయాణం కాదు. బండి, ఇద్దరు మనుషులు కలిపి 250 కిలోలనుకుంటే, ఆ బరువును 700 మీటర్ల ఎత్తుకు చేర్చడానికే దాదాపు అర కిలోవాట్-అవర్ కావాలి. మీ బ్యాటరీ మొత్తం 1.8. వీకైన వరస తన లోపాన్ని దాచుకోలేని చోటు అది.

శాతం పడిపోవడం ఒక్కటే అయితే మీటరు లెక్క తప్పిందేమో అనుకోవచ్చు, అలా జరుగుతుంది కూడా. ఎత్తులో ఆగడం ఒక్కటే అయితే సెల్స్ పాతబడ్డాయేమో అనుకోవచ్చు. కానీ వాడకుండా ఉన్నప్పుడు ఒకే మూల వెచ్చగా ఉండటానికి మరో మంచి కారణం దొరకదు. పైగా అడుగంటిన బ్యాటరీని లేపిన చరిత్ర ఉంది. మీకున్న మూడు లక్షణాలూ ఒకవైపే చూపిస్తున్నాయి.

మెకానిక్ 3,500 మాట. వద్దు. ఒక వరసలో కొత్త సెల్స్ వేస్తే వాటి కెపాసిటీ, లోపలి రెసిస్టెన్స్ పాతవాటితో కలవవు, ఆ వరస ఎప్పుడూ మిగతా 15తో పేచీ పడుతుంది. టంకం వేస్తే ఇంకా ప్రమాదం: సోల్డరింగ్ ఐరన్ మొన 350 డిగ్రీలు, లోపలి సెపరేటర్ తట్టుకునేది 130. ఈ సెల్ డబ్బా మొత్తం నెగటివ్, పైన బొడిపె ఒక్కటే పాజిటివ్. రెంటి మధ్య సన్నటి అంచు, దాని మీద ఒక కాగితపు రింగు. నికెల్ పట్టీ కత్తిరించిన కొస గరుకుగా ఉండి ఆ రింగును కోస్తే షార్ట్ బయటినుంచి కూడా తయారు. ఒకసారి విప్పిన ప్యాక్‌కు నీళ్లు చొరకుండా ఉండే సీలు పోయినట్టే. అన్నిటికీ మించి, రెండు నెలలు అడుగంటి ఉన్నది ఆ ఒక్క వరసే కాదు. ఇవాళ బయటపడింది ఒకటి, మిగతావి లైన్లో ఉన్నాయి.

కంపెనీ సర్వీస్ సెంటర్‌కు ఫోన్ చేసి ‘లోపల షార్ట్ అనుమానం, ఛార్జ్ పెట్టకుండానే వేడెక్కుతోంది’ అని అదే మాటల్లో చెప్పండి, వాట్సాప్‌లోనో ఈమెయిల్‌లోనో రాతపూర్వకంగా కూడా పంపండి. బయట విప్పించిన సంగతి దాచకండి. విప్పేవాడి ప్రాణం మీదికి వచ్చే విషయం అది. వాళ్లను అడగాల్సింది వరసవారీ వోల్టేజిలు. ప్యాక్ మొత్తం వోల్టేజి చూసి ‘బాగుందండీ’ అంటే ఒప్పుకోకండి, 60 చిల్లర వోల్టుల్లో ఒక వరస 0.1 తగ్గినా ఎవరికీ కనిపించదు. ఒక రోజు కదలకుండా ఉంచాక ఎక్కువ తక్కువ వరసల మధ్య తేడా 20, 30 మిల్లీవోల్టులుంటే మామూలే. 100 దాటి, మర్నాటికి ఇంకా పెరుగుతుంటే ఆ ప్యాక్ పని అయిపోయింది. వారంటీ విషయంలో, మూత విప్పించారు కాబట్టి వాళ్లు కాదనే అవకాశమే ఎక్కువ. అడిగి చూడండి, అన్యాయం అనిపిస్తే 1915కు వినియోగదారుల ఫిర్యాదు చెయ్యొచ్చు. వాళ్లు కాదన్నా ప్యాక్‌ను మాత్రం వాళ్లకే ఇవ్వండి. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడేసిన బ్యాటరీల బాధ్యత తయారీదారులదే. పాత సామాన్లవాడికి కిలో లెక్కన అమ్మితే ప్రమాదం ఇంకో ఇంటికి మారుతుంది, అంతే.

తీసుకుపోవడం కూడా జాగ్రత్తే. వాళ్ల బండి పంపమనండి. పంపకపోతే, చల్లగా ఉన్నప్పుడే, వెనక తెరిచి ఉండే ట్రాలీ ఆటోలో, ఇనుప తట్టలో పొడి ఇసుక పరిచి దాని మీద పెట్టి, కనెక్టర్‌కు ఇన్సులేషన్ టేపు చుట్టి పంపండి. ప్యాసింజర్ ఆటోలో కాళ్ల దగ్గరా, ఆర్టీసీ బస్సులోనూ కుదరదు.

ఈలోగా దాని నుంచి నెయిల్ పాలిష్ రిమూవర్‌ను పోలిన తియ్యటి ఘాటు వాసన వచ్చినా, బుస్సుమన్నా, టప్‌మన్నా, తెల్లటి ఆవిరి లేచినా దగ్గరికి పోకండి. ఆ తెల్లటిది ఆవిరి కాదు, మండే వాయువు, అందులో హైడ్రోజన్ ఫ్లోరైడ్ అనే విషం కూడా ఉంటుంది. బుస్సుకూ మంటకూ మధ్య కొన్ని సెకన్లే ఉండొచ్చు. పిల్లల్ని తీసుకుని బయటికొచ్చి, తలుపు మూసి, 101కో 112కో ఫోన్ చెయ్యండి. పొడి చల్లే సిలిండర్ చుట్టుపక్కల అంటుకున్నవాటిని ఆర్పుతుంది గానీ సెల్స్‌ను చల్లార్చదు. చల్లార్చేది నీళ్లే, అదీ బకెట్టు కాదు, పైపుతో దూరం నుంచి ధారగా. ఛార్జర్‌కు తగిలించి ఉంటే ముందు మెయిన్ ఆఫ్ చెయ్యాలి. ఆరిపోయిందనుకున్నాక కూడా గంటల తర్వాత మళ్లీ లేస్తుంది, కాబట్టి ఆ రోజు దాన్ని ఇంట్లోకి తేకూడదు.

కొత్తది కొనేటప్పుడు, ఎలక్ట్రిక్ బళ్ల బ్యాటరీల భద్రతకు మన దేశంలో ఉన్న ప్రమాణం ఏఐఎస్-156, దాని మూడో సవరణ రెండో దశ ప్రకారం పాసైన ప్యాకేనా అని రాతలో అడగండి. మొదటి దశ 2022 డిసెంబరు 1న, రెండోది 2023 మార్చి 31న అమల్లోకి వచ్చాయి. ఒక సెల్ అంటుకుంటే పక్కవాటికి ఎలా పాకుతుందో చూసే పరీక్ష ఈ రెండో దశలోదే. ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) రకం బ్యాటరీ దొరికితే మా ఓటు దానికి. బరువు కాస్త ఎక్కువ, కానీ అదుపు తప్పడానికి ఎన్‌ఎంసీ కంటే ఎక్కువ వేడి కావాలి, ఆక్సిజన్ అంత సులువుగా వదలదు. ‘అసలు కాలదు’ అని అమ్మేవాడు చెబితే మాత్రం నమ్మకండి. బ్యాటరీ మారితే ఛార్జర్ కూడా మారాలి. 16 వరసల ఎన్‌ఎంసీకి 67.2 వోల్టులు, 20 వరసల ఎల్‌ఎఫ్‌పీకి 73, రెంటి పిన్నూ ఒకటే ఉండొచ్చు. 60 వోల్టుల లెడ్ యాసిడ్ ఛార్జర్ 72, 73 ఇస్తుంది, దాన్ని ఎన్‌ఎంసీకి పెడితే సెల్‌కు 4.5. బీఎంఎస్ ఒక్కటే అడ్డం.

తిరుపతి ఎండల్లో ఒక అలవాటు చేసుకోండి. సెల్స్‌కు ఛార్జింగ్ హద్దు సాధారణంగా 45 డిగ్రీలు. మే నెల మధ్యాహ్నం బయటే 42 ఉంటే, తిరిగొచ్చిన బ్యాటరీ లోపల ఎంతుంటుందో ఊహించుకోండి. ముప్పావుగంట నీడన ఆరనిచ్చి, మీరు మెలకువగా ఉన్న వేళలో పెట్టండి. ఊరెళితే 50, 60 శాతం ఉంచి, బండిలోంచి తీసి చల్లటి చోట పెట్టండి. నెలకోసారి పక్కింటివాళ్లతో చూపించి, 30కి దిగితే కాస్త ఎక్కించమనండి. 2021 నవంబరులో లాగా వరద నీళ్లు సెల్లార్‌లోకి వచ్చి బ్యాటరీ మునిగితే, ఆరబెట్టి ఛార్జ్ పెట్టే ప్రయత్నం అసలొద్దు.

మీవారి సగం ఛార్జ్ ఆలోచనలో కొంత నిజముంది. సగం ఉన్న సెల్ అంటుకుంటే నిండుగా ఉన్నదానంత ఉధృతంగా కాలదు. కానీ ఆయన కూర్చునేది దాని మీదే, ముల్లు లోపల అలాగే ఉంది, గతుకులు, ఎత్తులు, ఎండ దాన్ని కదుపుతూనే ఉంటాయి. కొన్నాళ్లు బస్సులో తిరగమనండి.

పవర్ బ్యాంక్ వాడకండి. ఉబ్బిందంటే లోపల ఎలక్ట్రోలైట్ విడిపోయి వాయువు చేరింది. సూదితో గుచ్చి గాలి తీయడం, మీద బరువు పెట్టి అదమడం చెయ్యొద్దు. ఛార్జ్ అయిపోగొట్టే ప్రయత్నమూ అక్కర్లేదు. పోర్టుల మీద టేపు వేసి, పొడి ఇసుకున్న స్టీలు డబ్బాలో, మూత బిగించకుండా బాల్కనీలో నీడన ఉంచి, స్కూటర్ బ్యాటరీ ఇచ్చే రోజున ఈ-వేస్ట్ తీసుకునే చోట ఇచ్చెయ్యండి.